కుడి మలుపు లెక్క

భిక్షం ఇరవై రెండేళ్లుగా సినిమాల్లో గుంపులో నిలబడుతున్నాడు. పెళ్లిలో అతిథి, కోర్టులో జనం, రైల్వే స్టేషన్లో ప్రయాణికుడు. ఇన్నేళ్లలో ఏ సినిమాలోనూ ఒక్క మాట మాట్లాడలేదు. వయసు యాభై రెండు. పొద్దున్నే కృష్ణానగర్‌లో రోడ్డు పక్కన నిలబడితే ఏదో ఒక షూటింగ్ వ్యాను వచ్చి ఎక్కించుకుపోయేది. 2004 ఫిబ్రవరిలో ఒక వారం వ్యాన్లు సరిగా రాలేదు. ఆ వారంలోనే జంగయ్య అనే మేస్త్రీ వచ్చి, "ఫిల్మ్‌నగర్ దిక్కు చౌరస్తాల బండ్లు లెక్కబెట్టే పనుంది. ఎనిమిది మంది కావాలె. నిద్రపోయేటోళ్లు వద్దు" అన్నాడు. భిక్షం వెళ్లాడు.

ఆ పని ఒక ట్రాఫిక్ కన్సల్టెన్సీది. బంజారా హిల్స్‌లో రెండో అంతస్తులో చిన్న ఆఫీసు. చౌరస్తాకు కాస్త దిగువన, పాత షూటింగ్ బంగళా పడగొట్టిన జాగాలో, ఒక బిల్డర్ పదకొండు అంతస్తుల సాఫ్ట్‌వేర్ టవర్ కట్టబోతున్నాడు. అనుమతి కావాలంటే ముందు ఒక స్టడీ జరగాలి. చౌరస్తాలో ఇప్పుడు ఎన్ని బండ్లు తిరుగుతున్నాయి, టవర్ వస్తే ఇంకెన్ని పెరుగుతాయి, అన్నిటినీ ఆ చౌరస్తా మోయగలదా అని. ఆ స్టడీ చేసే బాధ్యత ఉదయశ్రీది. హన్మకొండ అమ్మాయి, ఇరవై ఆరేళ్లు, ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. రిపోర్టు అట్ట మీద తన పేరు పడటం ఇదే మొదటిసారి కాబోతోంది.

ఉదయం ఏడున్నరకే ఆమె చౌరస్తాకు వచ్చి ఎనిమిది మందికీ పని చెప్పింది. పావుగంటకో షీటు. బండి పోయినప్పుడల్లా ఒక గీత, నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. కారుకో గడి, స్కూటర్లకో గడి, ఆటోకో గడి, బస్సుకో గడి. ఫిల్మ్‌నగర్ నుంచి వచ్చి కుడివైపు మాదాపూర్ దిక్కు తిరిగే బండ్లను లెక్కపెట్టడం అన్నిటికంటే కష్టం. సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు పోయేవాళ్లంతా అటే తిరుగుతారు. ఆ మలుపు దగ్గర ఆమె భిక్షాన్ని నిలబెట్టింది.

తొమ్మిదింటికి రద్దీ మొదలైంది. ఎవరి లెక్క ఎంత సరిగా ఉందో చూడటానికి ఉదయశ్రీ ఒక్కొక్కరి పక్కనా పావుగంట నిలబడి నొక్కితే అంకె పెరిగే క్లిక్కర్‌తో తానూ లెక్కపెట్టింది. మిగతావాళ్లకూ ఆమెకూ ఇరవై, ముప్పై తేడా వచ్చింది. భిక్షానికీ ఆమెకూ వచ్చిన తేడా మూడే. ఆమెకు రెండు వందల ముప్పై ఒకటి. అతనికి రెండు వందల ముప్పై నాలుగు.

"మూడు ఎక్కువ రాసినవ్ అన్నా" అంది. ఆఫీసులో మాట్లాడే భాష వేరు, ఇలాంటి చోట ఆమెకు ఇంటి భాష వచ్చేసేది.

"లేదు మేడం. నీళ్ల క్యాన్ల వ్యాను అడ్డమొచ్చింది సూడు, దాని ఎనకమాల మూడు బండ్లు పోయినయి. ఒకటి ఎర్ర స్కూటీ. మీరు గీ పక్కకున్నరు, మీకు కనబడలే."

ఆమె నవ్వింది. తర్వాతి పావుగంట స్థలం మార్చి నిలబడి మళ్లీ లెక్కపెట్టింది. ఈసారి ఇద్దరికీ ఒకటే అంకె.

"ఎట్ల పట్టుకుంటున్నవన్నా?"

"షూటింగుల నిలబడుడే మా పని గద మేడం. నిలబడు అన్నకాడ నిలబడాలె, సూడు అన్న దిక్కే సూడాలె. కట్ అనేదాంక కదలొద్దు. అట్ల అలవాటైంది."

రాత్రి ఎనిమిదింటికి షీట్లు తీసుకుంటూ ఆమె అతని నలభై ఎనిమిది కాగితాలనూ తిరగేసింది. గీతలన్నీ ఒకే పొడవు, ఒకే ఎడం. కింద తెలుగులో గుండ్రంగా సంతకం.

"గీ లెక్క ఏడికి పోతది మేడం?"

"రిపోర్టుల పెడ్తం. పెద్ద సార్లు సూసి, ఈడ గంత పెద్ద బిల్డింగ్ కట్టనియ్యాల్నా వద్దా అని చెప్తరు."

"నా గీతలు సూసి?"

"నీ గీతలు సూసే."

ఆ మాట భిక్షం కృష్ణానగర్‌లో చాలామందికి చెప్పుకున్నాడు. పదకొండు అంతస్తుల బిల్డింగు నా చేతిలో ఉందని.

*

తొమ్మిది నుంచి పది వరకు కుడి మలుపు తిరిగినవి తొమ్మిది వందల నలభై రెండు బండ్లు. ఉదయశ్రీ లెక్క కట్టింది. రోడ్డు మీద పట్టే చోటును బట్టి స్కూటరుకు అర, కారుకు ఒకటి, బస్సుకు మూడు. టవర్ నుంచి వచ్చే కార్లు కలపకముందే ఆ మలుపు నిండిపోయి ఉంది. కలిపితే బండ్లు కొండ పైదాకా ఆగిపోతాయి. మళ్లీ కట్టి చూసింది. అదే జవాబు.

ఆఫీసు యజమాని వెంకటేశ్వరరావు గారికి చూపించింది. బెజవాడ మనిషి, మెత్తగా మాట్లాడతారు. ఎవరి మీదా గొంతెత్తగా ఆఫీసులో ఎవరూ వినలేదు.

"ఆరు వందల పదికి మించితే సిగ్నల్ టైమింగ్ మార్చినా సరిపోదు. అంతేగా?"

"అవును సార్."

"అయితే ఆరు వందల పది ఉండాలమ్మా."

"సార్, కౌంట్ కరెక్టే. నేను పక్కనుండి చెక్ చేశాను."

"నువ్వు చెక్ చేసింది అరగంట. రోజంతా ఎవడేం రాశాడో నీకేం తెలుసు?" రిపోర్టు అట్టను ఆమె వైపు తిప్పారు. కింద అచ్చులో ఆమె పేరు ఉంది. "నీ పేరు వేయించాను. ఇష్టం లేదంటే చెప్పు, తీయించేస్తాను. ఈ రిపోర్టు ఇంకొకరు చేస్తారు. తర్వాతవి కూడా."

ఉదయశ్రీ అట్ట వైపు చూసింది. తీయించమని అనలేదు.

ఒక్క గంట లెక్క తగ్గిస్తే మిగతా రోజుతో పొసగదు. అందుకని కుడి మలుపు షీట్లన్నీ, నలభై ఎనిమిదీ, మళ్లీ రాయాల్సొచ్చింది. శనివారం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు కూర్చుని రాసింది. మొదట ప్రతి గీతకూ ఆగి చూసుకుంది. పది షీట్ల తర్వాత ఆగలేదు. మధ్యాహ్నానికి ఎంత తగ్గించాలో కూడికలు చేయకుండానే తెలిసిపోతోంది. చివర భిక్షం సంతకం నేర్చుకుంది. అసలు కాగితాలను ముక్కలు చేసే మిషన్‌లో తానే వేసింది.

*

ఏప్రిల్‌లో అనుమతులిచ్చే కమిటీ ముందుకు రిపోర్టు వచ్చింది. జూబ్లీహిల్స్ పైనున్న కాలనీవాళ్లు అభ్యంతరం చెప్పారు. వాళ్ల తరఫున సుబ్రహ్మణ్యం అనే రిటైర్డ్ ఇంజినీరు ఉత్తరం రాశాడు. తానే కుర్చీ వేసుకుని గంటసేపు లెక్కపెట్టాననీ, కుడి మలుపులో తొమ్మిది వందల ముప్పై ఎనిమిది వచ్చాయనీ, రిపోర్టులో ఆరు వందల పది ఎలా ఉందనీ అడిగాడు. ఆ షీట్లు రాసిన మనిషిని తదుపరి మీటింగుకు తీసుకురమ్మని కమిటీ చైర్మన్ ఆదేశించాడు.

"మంచిదేగా" అన్నారు రావుగారు. "మనిషి నిద్రపోయాడు, లెక్క తప్పింది. కావాలంటే మళ్లీ లెక్కపెడతామందాం. మే నెలలో పెడదాం. స్కూళ్లుండవు, సగం కాలనీ ఊళ్లలో ఉంటుంది." కుర్చీలోంచి లేస్తూ, "వెళ్లి తీసుకురా. నువ్వంటే నమ్మకం కదా వాడికి. ముందుగా ఏమీ చెప్పకు" అన్నారు.

మీటింగు రోజు ఉదయం ఉదయశ్రీ ఆఫీసు కారులో యూసుఫ్‌గూడ వెళ్లింది. ఒకే గది ఇల్లు. భిక్షం అప్పటికే తయారై ఉన్నాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ చేసిన ప్యాంటు, నూనె రాసి దువ్విన జుట్టు. భార్య శకుంతలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"పెద్ద సార్ల ముంగట మాట్లాడాల్నట గద బిడ్డా. ఎన్నడు మాట్లాడలే ఈయన. నువ్వే జర సూసుకోవాలె" అంది.

"సూసుకుంట అమ్మా" అంది ఉదయశ్రీ.

కారులో భిక్షం ముందు సీటులో కూర్చోనన్నాడు. వెనక, ఆమె పక్కన కూర్చోవడానికీ మొహమాటపడ్డాడు. చివరికి డ్రైవర్ పక్కనే కూర్చుని దారంతా వెనక్కి తిరిగి మాట్లాడాడు.

"లెక్కమీద ఏమన్న డౌట్ వచ్చిందా మేడం?"

"జూబ్లీహిల్స్ కాలనీవాళ్లకు వచ్చింది. అడుగుతరు. చెప్పాలె."

"చెప్త. తొమ్మిది నుంచి పది దాంక తొమ్మిది వందల నలభై రెండు. నాకు యాదికుంది." సీటు మీద చేయి వేసి, "గా కాలనీ మాకు తెల్వంది కాదు మేడం. మా ఆమె ఆడనే రాజ్యలక్ష్మమ్మ ఇంట్ల పనిచేస్తది. పదమూడేండ్లాయె. బంగారమసుంటి ఇల్లు" అన్నాడు.

యూసుఫ్‌గూడ దాటేదాకా చెప్పేద్దామనే అనుకుంది ఉదయశ్రీ. "అన్నా" అని రెండుసార్లు పిలిచింది కూడా. రెండుసార్లూ అతను ఆనందంగా వెనక్కి తిరిగాడు. రెండుసార్లూ, "ఏం లేదు" అంది.

మీటింగు హాలు వరండాలో రావుగారు ఆమెను పక్కకు పిలిచారు.

"ఏమన్నా మాట్లాడాడా?"

ఆమె చెప్పింది. అంకె గుర్తుందన్నాడని చెప్పింది. అక్కడితో ఆపి ఉండవచ్చు. భార్య ఆ కాలనీలోనే రాజ్యలక్ష్మి గారింట్లో పనిచేస్తుందని కూడా చెప్పింది. అడిగారు కాబట్టి చెప్పాను అని తర్వాత చాలాసార్లు తనకు తాను నచ్చజెప్పుకుంది.

*

హాల్లో పొడుగు బల్ల. ఒకవైపు కమిటీ, ఒకవైపు కాలనీవాళ్లు, ఇంకోవైపు బిల్డర్ మనుషులూ రావుగారూ ఉదయశ్రీ. భిక్షాన్ని వెనక గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. సుబ్రహ్మణ్యం ఉత్తరాన్ని గుమస్తా పైకి చదివాడు. తర్వాత చైర్మన్ భిక్షాన్ని ముందుకు రమ్మన్నాడు.

"ఈ సంతకం నీదేనా?"

భిక్షం కాగితం చేతికి తీసుకోలేదు, వంగి చూశాడు. "సంతకం నా లెక్కనే ఉంది సార్. గీతలు నావి గావు."

"అంటే?"

"నేను గిట్ల గియ్య సార్. నేను రాసింది తొమ్మిది వందల నలభై రెండు. గీ కాగితాల్ల గన్ని లేవు."

సుబ్రహ్మణ్యం కుర్చీలోంచి సగం లేచాడు. "విన్నారాండీ? నా లెక్కా అదే కదండీ! షీట్లు మార్చేశారు!"

హాల్లో గొడవ లేచింది. రావుగారు అది తగ్గేదాకా ఓపిగ్గా ఆగారు.

"సార్, తొమ్మిది వందల ముప్పై ఎనిమిది అని అయిదు నిమిషాల క్రితం ఈ హాల్లోనే చదివారు. ఈయన వెనక కూర్చుని విన్నాడు. నాలుగు కలిపి చెబుతున్నాడు. రెండు నెలల కిందటి అంకె దినసరి కూలీకి గుర్తుంటుందాండీ?" భిక్షం వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు. "బాబూ, మీ ఆవిడ ఎక్కడ పనిచేస్తుంది?"

"జూబ్లీహిల్స్‌ల సార్."

"ఎవరింట్లో?"

"రాజ్యలక్ష్మమ్మ ఇంట్ల."

రాజ్యలక్ష్మి కాలనీ సంఘం కార్యదర్శి. బల్లకు అటువైపు, సుబ్రహ్మణ్యం పక్కనే కూర్చుని ఉంది. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఇంతకంటే నేను చెప్పేదేమీ లేదు సార్" అన్నారు రావుగారు. "ఆ రోజు నిద్రపోయాడో, టీ తాగడానికే పోయాడో. ఈ రోజు మాత్రం ఎవరో బాగా నేర్పించి పంపారు."

"నాకీ మనిషెవరో తెలీదండీ" అని సుబ్రహ్మణ్యం గట్టిగా అన్నాడు. "ఈ పనివాళ్ల సాక్ష్యం మాకక్కర్లేదు. అసలు ఇలాంటి తాగుబోతుల చేత లెక్కలు రాయించడమేంటి? అదే మా అభ్యంతరం."

భిక్షం ఎప్పుడూ తాగి ఎరగడు. ఆ మాట చెప్పబోయి, ఎవరికి చెప్పాలో తెలియక, ఉదయశ్రీ వైపు తిరిగాడు.

"మేడం, మీరు చెప్పుండ్రి. మీరు నా పక్కపొంటి నిలబడి లెక్కబెట్టిండ్రు గద. ఎర్ర స్కూటీ... నీళ్ల వ్యాను ఎనకమాల..."

చైర్మన్ ఆమె వైపు చూశాడు. "ఈయన్ని చెక్ చేశారా మీరు?"

ఉదయశ్రీ లేచి నిలబడింది. "ఆ రోజు ఎనిమిది మంది ఉన్నారు సార్. నేను అన్ని వైపులా తిరుగుతున్నాను. ఈయన్ని ప్రత్యేకంగా గమనించలేదు."

"తొమ్మిది వందల నలభై రెండు అని ఉన్న షీట్లు మీకు అందాయా?"

"లేదు సార్."

ఆమె కూర్చుంది. భిక్షం ఇంకా ఆమె వైపే చూస్తున్నాడు. కోపంగా కాదు. తాను సరిగా వినలేదేమో, ఇంకోసారి చెబుతుందేమో అన్నట్టు.

చైర్మన్‌కు విసుగొచ్చింది, కాస్త సరదా కూడా పుట్టింది. "సరేనయ్యా, అంత లెక్కగాడివైతే ఆ కిటికీ దగ్గరికెళ్లి ఒక్క నిమిషం బండ్లు లెక్కపెట్టు, చూద్దాం" అన్నాడు. బిల్డర్ మనుషులు నవ్వారు. భిక్షం కిటికీ దగ్గరికి వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. అతని పెదవులు కదలసాగాయి.

నిమిషం గడవకముందే చైర్మన్‌కు ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేశాక, మళ్లీ లెక్కపెట్టాలన్న విషయం మీద చర్చ మొదలైంది. మే పన్నెండు అని రావుగారన్నారు. ఏ రోజైనా ఫరవాలేదు, తమ మనిషి ఒకడు పక్కన ఉండాలని సుబ్రహ్మణ్యం అన్నాడు. ఒప్పుకున్నారు. గుమస్తా రాసుకున్నాడు. టీలు వచ్చాయి. అంతసేపూ భిక్షం కిటికీ దగ్గరే ఉన్నాడు. ఆపమని అతనికి ఎవరూ చెప్పలేదు. ఉదయశ్రీకి అతని వీపు కనబడుతోంది. చొక్కా భుజాల మధ్య చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. పిలవాలనుకుంది. పిలిస్తే అందరూ తన వైపు చూస్తారు.

కుర్చీలు జరుగుతున్న చప్పుడుకు భిక్షం తిరిగాడు.

"మూడు వందల అరవై ఎనిమిది సార్" అన్నాడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒకరు నవ్వారు, ఆ తర్వాత హాలంతా నవ్వింది. "ఇంకా లెక్కపెడుతున్నావటయ్యా!" అని చైర్మన్ కళ్లు తుడుచుకున్నాడు. సుబ్రహ్మణ్యం కూడా నవ్వాడు.

వెళ్లేటప్పుడు కారులో బిల్డర్ మనుషులకు చోటు కావాల్సొచ్చింది. భిక్షం నడిచి వెళ్లాడు.

*

మే పన్నెండున మళ్లీ లెక్కపెట్టారు. కుడి మలుపు అయిదు వందల ఎనభై ఏడు. స్కూళ్లు లేవు, ఎండకు స్కూటర్లు లేవు. కాలనీ మనిషి పక్కనే కూర్చుని సంతకం చేశాడు. ఈ లోపల బిల్డర్ కాలనీ మొగలో గేటూ, కాపలాకు గదీ కట్టించి ఇస్తానన్నాడు. సుబ్రహ్మణ్యం మరో ఉత్తరం రాయలేదు. జూన్‌లో టవర్‌కు అనుమతి వచ్చింది.

భిక్షాన్ని జంగయ్య మళ్లీ ఏ పనికీ పిలవలేదు. కృష్ణానగర్‌లో షూటింగ్ వ్యాన్ల దగ్గర, బిల్డింగు కథ అతని నోటనే విన్నవాళ్లు, "ఏం మాస్టరూ, ఎన్ని బండ్లు పోయినయ్?" అని అడగడం మొదలుపెట్టారు. మొదట్లో అతనూ నవ్వేవాడు. జులైలో ఒకరోజు వ్యాను ఎక్కకుండానే ఇంటికొచ్చాడు. ఆ తర్వాత పోనేలేదు. భువనగిరి దగ్గర చెల్లెలింటికి పోయి అక్కడే ఉండిపోయాడు.

శకుంతలమ్మ పని మీటింగు అయిన మర్నాడే పోయింది. ఇంటి మాటలు బయటికి మోసి, మొగుణ్ని మీటింగుకు పంపి సంఘం పరువు తీసిందని రాజ్యలక్ష్మి అంది. పదమూడేళ్లు పనిచేసిన ఇల్లు. అదే మాట కాలనీ అంతా పాకి, ఇంకే ఇంట్లోనూ ఆమెను పెట్టుకోలేదు.

ఆగస్టులో శకుంతలమ్మ బంజారా హిల్స్ ఆఫీసుకు వచ్చింది. ఉదయశ్రీకి అప్పటికి సొంత గది వచ్చింది. కూర్చోమంటే శకుంతలమ్మ కూర్చోలేదు.

"నిన్నేం అనటానికి రాలే బిడ్డా. నీ నౌకరీ నీది" అంది. "ఒక్కటే అడుగుత. మా ఆయన నీకాడ కూలికొచ్చిండు, ఎవరు పంపలే, నేను ఎవరికీ ఏం చెప్పలే అని ఒక కాగితం రాసియ్యి. గంతే. గది అమ్మకు సూపిస్త. నాకు పనియ్యకపోయినా మంచిదే. దొంగలెక్క సూస్తున్నరు నన్ను."

"రాసిస్త అమ్మా. రేపు రా" అంది ఉదయశ్రీ.

ఆమె వెళ్లాక కూర్చుని రాసింది కూడా. నాలుగే వాక్యాలు. భిక్షం అనే వ్యక్తిని జంగయ్య ద్వారా మా సంస్థే పనిలోకి తీసుకుంది. అతనికీ కాలనీకీ ఏ సంబంధమూ లేదు. అతను చేసిన పనిని నేను స్వయంగా చెక్ చేశాను. అది సరిగా ఉంది. కింద సంతకం పెట్టబోయి ఆగింది. ఈ కాగితం రాజ్యలక్ష్మి చేతికి వెళ్తుంది. అక్కడి నుంచి ఇంకెక్కడికైనా వెళ్లవచ్చు. చివరి రెండు వాక్యాలూ కొట్టేసింది. మిగిలిన రెండూ చదివి చూసుకుంది. అవి కూడా కొట్టేసింది.

మర్నాడు పదింటికి శకుంతలమ్మ వచ్చింది. మేడం సైట్‌కు వెళ్లారని చెప్పమని ఉదయశ్రీ రిసెప్షన్‌లో ముందే చెప్పి పెట్టింది. వస్తారు కదా, ఉంటాను అని శకుంతలమ్మ గోడ పక్కన కింద కూర్చుంది. గదిలో ఉదయశ్రీ ఇంకో టవర్ స్టడీకి అక్టోబర్‌లో ఏ తేదీన బండ్లు లెక్కపెట్టాలో చూస్తోంది. దసరా సెలవుల్లో ఒక మంగళవారాన్ని తానే ఎంచి, రావుగారికి పంపింది. ఆయన వెంటనే సరేనన్నారు.

ఒంటిగంటకు భోజనానికి లేచి తలుపు కొంచెం తీసి చూసింది. శకుంతలమ్మ ఇంకా అక్కడే ఉంది. ఉదయశ్రీ తలుపు మూసి, డబ్బా విప్పి గదిలోనే తింది.